హనుమకొండ నుంచి రామప్ప దాకా సైకిల్ మీద: హైవే వదలండి, చెరువు కట్ట పట్టండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. హనుమకొండలో ఉంటారు, ఆరు నెలల కింద సన్న టైర్ల రోడ్ సైకిల్ కొన్నారు. ప్రతి ఆదివారం హైదరాబాద్ హైవే మీద స్టేషన్ ఘన్‌పూర్ దాకా పోయి వస్తున్నారు, లారీల హోరుకు ప్రాణం విసిగింది. పల్లెల మీదుగా పోయే దారులు, మధ్యలో పాత గుళ్లో కోటలో తగిలేవి కావాలి. రామప్ప ఒక్క రోజులో పోయి రావచ్చా, ఒక్కరే పోవచ్చా, ఏ నెలలు మంచివి, ఆ సన్న టైర్లు మన ఊరి రోడ్లకు ఆగుతాయా. నన్ను అన్నా అన్నారు కాబట్టి అన్నలాగే చెప్తా, కొంచెం పొడుగవుతుంది. నాకు యాభై నాలుగు, ఈ చుట్టుపక్కల పన్నెండేళ్లుగా తొక్కుతున్నా.

మీరు 'ఏ ఊరికి పోవాలి' అని అడుగుతున్నారు. మొదటి రెండేళ్లు నేనూ అదే అడిగేవాణ్ని. రామప్పకు పోవాలి, పాకాలకు పోవాలి అనుకోవడం, ఫోన్ ఏ దారి చూపిస్తే ఆ దారిన పోవడం. ఫోన్ చూపించేది కారు దారి. దానికి గాలీ పట్టదు, ఎండా పట్టదు, దూపా కాదు. రెండేళ్లు హైవే మట్టి మింగాక ఒక సంగతి తెలిసింది: మన దిక్కున సైకిల్‌కు పనికొచ్చే దారికి ఒకటే గుర్తు, అది చెరువు.

కాకతీయుల కాలం ఊళ్లను గమనించండి. గుడి, దాని పక్కన చెరువు, ఆ రెంటి చుట్టూ ఊరు. మూడూ కలిపి కట్టినవే. నా లెక్కలో పాత బండ్ల బాటలు కూడా అట్లాగే పడ్డాయి. వానాకాలం రేగడిలో బండి చక్రం దిగబడితే ఎడ్లు లాగలేవు, కట్ట మీద నేల గట్టిగా ఉంటుంది, కాబట్టి బాట కట్ట ఎక్కి అవతలి ఊరికి దిగేది. అవే తర్వాత తారు పోసుకొని పంచాయతీరాజ్ రోడ్లయినాయి. హైవే ఊరిని తప్పించుకొని పోతుంది, ఈ రోడ్లు ఊరిని వెతుక్కుంటూ పోతాయి. అందుకే నేను దారి వేసుకునేటప్పుడు మ్యాప్‌ను ఉపగ్రహ చిత్రంలో పెట్టి, నీళ్ల మచ్చలను ఒకదానికొకటి కలుపుతా. రెండు మచ్చల మధ్య పది కిలోమీటర్లు మించకుండా చూసుకుంటా. ప్రతి కట్ట మీదా కట్టమైసమ్మ గుడి, దాని మీద వేపో రావో నీడ, దిగాక ఒక చాయ్ దుకాణం. 2015లో మొదలైన మిషన్ కాకతీయ అనే చెరువుల బాగుచేత పథకంలో చాలా కట్టలను బలం చేశారు, కొన్నిటి మీద మొరం కొట్టారు. సన్న టైర్లతో మొరం మీద నెమ్మదిగా పోవాలి, అంతే.

ఇక దారులు. తేలికైన దానితో మొదలుపెడతా.

మీరు హనుమకొండ వారై ఉండి కోటను సైకిల్ మీద చూసి ఉండరని పందెం కాస్తా. ఆదివారం ఆరింటికి ముందు వేయిస్తంభాల గుడి దగ్గర బయలుదేరి, భద్రకాళి చెరువు పక్కనుంచి, వరంగల్ ఊరు దాటి కోటలోకి పోండి. కీర్తి తోరణాలు నాలుగు, మధ్యలో స్వయంభూ దేవుని గుడి తాలూకు రాళ్లు, పక్కనే ఖుష్ మహల్, అవతల ఏకశిల గుట్ట. ఇవన్నీ బడి పిల్లలప్పుడే చూసుంటారు. సైకిల్ మీద కొత్తగా తెలిసేది గోడల సంగతి. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి ముగించిన రాతి గోడకు ద్వారాలు తిన్నగా ఉండవు, లోపలికి పోగానే దారి మెలిక తిరుగుతుంది. గుర్రం మీద దూసుకొచ్చే శత్రువు వేగం తగ్గించే ఏర్పాటు అది. ఇవాళ ఆటోలు, బైకులు ఆ మెలిక దగ్గరే హారన్లు కొట్టుకుంటాయి, మీరూ బ్రేకు పట్టక తప్పదు. 1323లో ఢిల్లీ సేన పట్టిన కోట ఇదేనని ఆ మలుపులో కాలు కింద పెట్టి నిలబడితే వేరేగా తెలుస్తుంది. రాతి గోడ దాటి బయటికి పోతే మట్టి కోట, దాని పక్కన పొలాలు. మొత్తం పాతిక కిలోమీటర్లు కూడా కాదు. తొమ్మిదికల్లా ఇంట్లో టిఫిన్.

రెండోది ములుకనూరు చుట్టు. దాదాపు ఎనభై, తొంభై కిలోమీటర్లు. నలభై, యాభై తొక్కడం అలవాటైన మీకు తర్వాతి మెట్టు ఇదే. కరీంనగర్ రోడ్డు మీద ఎర్రగట్టు గుట్ట, హసన్‌పర్తి, ఎల్కతుర్తి. అంతవరకు వాహనాలు ఎక్కువే, కాబట్టి ఆ భాగం చీకటి విడిచే వేళకు దాటేయాలి. ఎల్కతుర్తి దగ్గర సిద్దిపేట వైపు తిరిగితే ములుకనూరు. 1956 నుంచి నడుస్తున్న రైతు సహకార సంఘం ఆ ఊరిది, బ్యాంకూ అదే, పంట అమ్మకమూ అదే. మహిళల డెయిరీ కూడా ఉంది. చరిత్ర అంటే రాళ్లే కాదు కదా. అక్కడ చాయ్ తాగితే పాలు చిక్కగా అనిపించడం నా భ్రమే అయినా, నేను మానను.

ములుకనూరు నుంచి చిన్న రోడ్లు పట్టుకుంటే కొత్తకొండ, వంగర. కొత్తకొండ వీరభద్రుణ్ని కోరమీసాల సామి అంటారు, సంక్రాంతికి జాతర. ఆ వారం తప్ప ఎప్పుడైనా పోవచ్చు. వంగర పీవీ నరసింహారావు పెరిగిన ఊరు. ఆయన పుట్టింది 1921లో నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో, దత్తత పోయింది ఇక్కడికి. దేశానికి ప్రధాని అయినాయన ఇల్లు ఇట్లాంటి రోడ్డు చివర ఉందా అనిపిస్తుంది. తిరుగు ప్రయాణం వచ్చిన దారిన వద్దు. వేలేరు మీదుగా ధర్మసాగర్ రండి. దేవునూరు దగ్గర ఇనుపరాతి గుట్టల అడవి పక్కన రోడ్డు కొంచెం ఎగుడుదిగుడు, మన సమతలంలో దమ్ము పరీక్షించే చోట్లు తక్కువ కాబట్టి నాకు ఇష్టం. ధర్మసాగర్ చెరువు కట్ట ఎక్కగానే గాలి మారుతుంది. గోదావరి నుంచి దేవాదుల మోటార్లు ఎత్తిపోసిన నీళ్లు అవి. కట్ట మీద సైకిల్ ఆనించి పది నిమిషాలు కూర్చోండి. అక్కడి నుంచి కాజీపేట ఎంతో దూరం లేదు.

మూడోది పాలకుర్తి. ఒకే ఒక్క దారి చెప్పమని ఎవరైనా నన్ను అడిగితే ఇదే చెప్తా. నూట పది చిల్లర కిలోమీటర్లు.

ఖమ్మం రోడ్డు మీద మామునూరు దాటి, పున్నేలు క్రాస్ దగ్గర లోపలికి తిరిగితే ఐనవోలు. మల్లన్న గుడి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా జాతర నడుస్తుంది, ఆదివారాలైతే రోడ్డు నిండా బండ్లు, బోనాలు, ఒగ్గు వాళ్ల డోళ్లు. ఆ రోజుల్లో రేసుగా తొక్కుదామంటే కుదరదు, దిగి నడిపించుకుంటూ పోవాలి, చొక్కా మీద బండారి, అంటే మల్లన్న పసుపు, పడుతుంది. నేను కావాలనే ఒకసారి ఆ రోజుల్లో పోతా. జనం వద్దనుకుంటే నవంబరు, డిసెంబరు.

ఐనవోలు నుంచి జఫర్‌గఢ్ దాకా దారి ఈ జిల్లాల్లో నాకు తెలిసినంతలో మంచి సైకిల్ దారి. చెరువు, తాటివనం, పత్తిచేను, మళ్లీ చెరువు. జఫర్‌గఢ్‌లో గుట్టల మీద కోట గోడలు దూరం నుంచే కనపడతాయి. వేల్పుకొండ మీద నరసింహస్వామి గుడి. మెట్లెక్కాలంటే సైకిల్ బూట్లతో ఎక్కకండి, పెడల్‌కు పట్టేలా అడుగున ఉండే ఆ క్లిట్లకు రాయి జారుతుంది. చెప్పులు ఒక జత సంచిలో పెట్టుకోండి.

పాలకుర్తిలో గుట్ట మీద గుహల్లో సోమేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు పక్కపక్కనే ఉంటారు. పాల్కురికి సోమనాథుడి ఊరు ఇది. సంస్కృతం బరువు దించి జాను తెనుగులో, ద్విపదలో బసవపురాణం రాసినవాడు. పది కిలోమీటర్ల లోపే బమ్మెర, పోతన ఊరు. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వకుండా అరక దున్నుకొని బతికాడని మనవాళ్లు చెప్పుకునేది ఆ పొలాల్లోనే. ఇంకో పక్క వల్మిడి, వాల్మీకి తపస్సు చేసిన చోటని ఆ ఊరివాళ్ల నమ్మకం. ఇవన్నీ ఒక్క మండలం. అదే పాలకుర్తిలో విస్నూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి, కౌలుకు చేసిన నాలుగెకరాల పంట ఇంటికి తెచ్చుకుంది చాకలి ఐలమ్మ. సోమనాథుడు, పోతన, ఐలమ్మ: రాజు మాట, దొర మాట విననివాళ్లంతా ఒకే చుట్టుపక్కల పుట్టారో బతికారో ఏమో. బమ్మెర నుంచి వచ్చేటప్పుడు ఎదురుగాలిలో నాకు ఇట్లాంటి ఆలోచనలే వస్తాయి. తిరుగు దారి స్టేషన్ ఘన్‌పూర్ మీదుగా. చివరి ముప్పై కిలోమీటర్లు మీకు కాళ్లకు తెలిసిన హైవేనే.

నేను పడ్డది కూడా ఈ దారిలోనే, చెప్పాలి. ఒక అక్టోబరు చివర, జఫర్‌గఢ్ దాటాక, మలుపు తిరగగానే రోడ్డు సగం మక్కలు. మన దగ్గర కల్లాలు సరిపోక కోతల కాలంలో వడ్లు, మక్కలు రోడ్డు మీదే ఎండబోస్తారు. చుట్టూ రాళ్లు పేరుస్తారు, అది ఇంకో ప్రమాదం. వడ్ల మీద సైకిల్ నెమ్మదిస్తుంది, మక్కల మీద జారుతుంది. ఒక్కో గింజా గోళీ అనుకోండి. ముందు చక్రం ఎటు పోయిందో తెలియలేదు, మోచెయ్యి, మోకాలు చీరుకుపోయాయి. గింజల కాపలా ముసలమ్మ లేచొచ్చి ముందు నన్ను కాదు, గింజలను చూసుకుంది. తర్వాత తిట్టు మొదలుపెట్టింది: "కండ్లు గానొస్తలేవా బిడ్డా? గింత పెద్ద రోడ్డుంటె నా మక్కల మీదనే పోవాల్నా?" తిడుతూనే చెంబుతో నీళ్లు పోసి కడిగింది, ఇంట్లోంచి పసుపు తెచ్చి అద్దింది. సైకిల్ వైపు చూసి, "దీనికి మోటరు లేదా? మరి గిన్ని పైసలు వెట్టి ఎందుకు కొన్నవు?" అంది. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. సంగతేమిటంటే, అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి దాకా, మళ్లీ ఏప్రిల్, మే యాసంగి కోతల్లో, మలుపు దగ్గర బ్రేకు ముందే పట్టండి. గింజలు కనపడితే దిగి నడిపించండి. ఆ గింజలు వాళ్ల ఆరు నెలల చెమట, తొక్కుకుంటూ పోవడం మర్యాద కూడా కాదు.

ధర గురించి కూడా ఇక్కడే చెప్తా. ఏ ఊళ్లో ఆగినా మొదటి ప్రశ్న "ఎంత పడ్డది?" నిజం చెప్తే నమ్మరు, నమ్మినవాళ్లు జాలిపడతారు. నేను పదిహేను వేలంటా.

టైర్ల సంగతి వివరంగా చెప్పాల్సిందే, ఎందుకంటే మొదటి ఏడాది నేను తొక్కినదానికంటే పంక్చరు వేసుకున్నదే ఎక్కువ. మీ సైకిల్‌కు 25 మిల్లీమీటర్ల టైర్లు వచ్చి ఉంటాయి. ఫ్రేములో చోటుంటే 28 వేయించండి, 32 పడితే ఇంకా మంచిది. వేగం తగ్గుతుందని భయపడకండి, మన గతుకుల మీద వెడల్పు టైరే తేలిగ్గా పోతుంది. గాలి కూడా వంద పీఎస్‌ఐ కొట్టి రాయిలా చేయకండి. డెబ్బై కిలోల మనిషికి 28 టైరులో డెబ్బై అయిదు, ఎనభై చాలు.

మన పంక్చర్లకు మూడు కారణాలు: సర్కారు తుమ్మ, ఈత ముల్లు, పల్లేరు కాయ. మొదటి రెండూ కంచెలు వేసే చోట రోడ్డు మీద పడతాయి, చూస్తే కనపడతాయి. పల్లేరు మాత్రం కనపడదు. వానలు ఆగి నేల ఎండాక, రోడ్డు అంచున మట్టిలో ఉంటుంది, దిగిన ప్రతిసారీ రెండు మూడు పట్టుకొస్తుంది. అందుకే నవంబరు తర్వాత తారు దిగకండి. కట్ట మీద చెట్టు కిందికి పోవాలంటే సైకిల్‌ను భుజాన వేసుకోండి, దొర్లించకండి. నవ్వుతారు, నవ్వనీయండి. ట్యూబు మార్చే ముందు టైరు లోపల వేళ్లతో మెల్లగా తడిమి ముల్లు తీయండి, లేకపోతే కొత్త ట్యూబూ పావుగంటలో పోతుంది. రెండు ట్యూబులు తప్పనిసరి.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది. ప్రతి మండల కేంద్రంలో పంక్చర్ దుకాణం ఉంటుంది, 'హవా' బోర్డు ఉంటుంది, ధైర్యంగా ఉంటాం. కానీ ఆ హవా పైపు బైకు వాల్వుకు పడుతుంది. మీ సన్న ట్యూబుకు ఉండేది ప్రెస్టా వాల్వు, దానికి పట్టదు. ఒక ఎండాకాలం నర్సంపేట అవతల కంప్రెసరు ముందే కూర్చొని గాలి లేక రెండు గంటలు ఎదురుచూశా. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, సైకిల్ దుకాణంలో అడిగి కొని వాల్వుకే బిగించి ఉంచండి. చేతి పంపు ఎట్లాగూ ఉండాలి.

రోడ్డు మీద చూసుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. నాట్ల కాలంలో ట్రాక్టర్ల కేజ్ వీల్స్, అంటే దమ్ము చేసే ఇనుప చక్రాలు, తారును గాట్లు పెడతాయి, పొలం నల్ల బురద ముద్దలు ముద్దలుగా పడి ఉంటుంది, తడిస్తే సబ్బే. బోరు పైపు వేసుకోవడానికి రోడ్డును అడ్డంగా తవ్వి పూడ్చిన గాడి ఊరికొకటి. రంగు వేయని స్పీడ్ బ్రేకరు ఊరి మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి. కుక్కలు వెంటపడితే పరుగు పెంచకండి, దిగి సైకిల్‌ను మధ్యలో పెట్టుకొని నడవండి, వాటికి ఆసక్తి పోతుంది.

పాకాల గురించి తక్కువే చెప్తా, ఎందుకంటే దారి సులువు: వరంగల్ నుంచి నర్సంపేట, అక్కడి నుంచి పన్నెండు కిలోమీటర్లు. పోయిరావడం నూట పది, నూట పదిహేను. దారిలో కొమ్మాల నరసింహస్వామి, హోలీకి జాతర. నర్సంపేట ముందర లక్నేపల్లి, పైన చెప్పిన పీవీ పుట్టిన ఊరు. ఫిబ్రవరి, మార్చిలో పాకాల అడవి అంచున మోదుగులు పూస్తాయి, ఆ నెల కోసం దాచుకోండి. గణపతిదేవుని కాలంలో గుట్టల మధ్య సందును కట్టతో మూసి చేసిన చెరువు అది. కట్ట మీద నిలబడినప్పుడు ఒకటి గుర్తు పెట్టుకోండి. పాకాల నీళ్లు మున్నేరై కృష్ణలో కలుస్తాయి. లక్నవరం, రామప్ప నీళ్లు పోయేది గోదావరికి. అంటే నర్సంపేట నుంచి ములుగు వైపు తొక్కేటప్పుడు ఎక్కడో, మీకు తెలియకుండానే, ఒక నది వాలు నుంచి ఇంకో నది వాలుకు దాటుతారు. ఘాట్ రోడ్డు లేదు, బోర్డు లేదు. కాళ్లకు మాత్రం కొంచెం తెలుస్తుంది.

ఇప్పుడు రామప్ప. ఒక్క రోజులో పోయి రావచ్చా అంటే వచ్చు. పోవడానికి దాదాపు డెబ్బై, రావడానికి డెబ్బై. కానీ అట్లా పోతే గుడి దగ్గర ఇరవై నిమిషాలు నీళ్లు తాగి, ఫొటో తీసుకొని, ఎండ నెత్తిన పడకముందే వెనుదిరుగుతారు. రెండు రోజులు పెట్టుకోండి.

మొదటి రోజు ములుగు రోడ్డు. గూడెప్పాడ్ దాటాక కటాక్షపూర్ చెరువు వస్తుంది. గట్టి వానలకు ఆ చెరువు మత్తడి, అంటే అలుగు, హైవే మీదుగా పారి బస్సులే ఆగిపోతాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా బయలుదేరే ముందు మత్తడి సంగతి కనుక్కోండి. పారే నీళ్లలో సైకిల్ దించకండి, మోకాలి లోతు కూడా వద్దు. ఈ రోడ్డుకున్న పెద్ద చిక్కు ఇసుక లారీలు, గోదావరి రేవుల నుంచి హైదరాబాద్ వైపు పోయేవి. తెల్లవారుజామున బయలుదేరి ఎనిమిదిలోపు మల్లంపల్లి చేరితే వాటి బెడద తగ్గుతుంది. అసలే వద్దనుకుంటే నర్సంపేట పోయి, నల్లబెల్లి మీదుగా మల్లంపల్లిలో కలవండి. పాతిక, ముప్పై కిలోమీటర్లు అదనం, కానీ ఆ దారి మొత్తం పొలాలు, చెరువులు, పత్తి ఏరే కూలీల పాటలు. పత్తి కాలంలో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయే బండ్లు మాత్రం ఎదురొస్తాయి, బోరాలు రెండు పక్కలా పొంగి ఉంటాయి, అంచుకు జరగండి.

ములుగు ముందర గట్టమ్మ గుడి. మేడారం పోయే ప్రతి బండీ అక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టాకే కదులుతుంది. సైకిల్‌కూ కొట్టాను నేను, పూజారి నిమ్మకాయలు రెండు చక్రాల కింద పెడితే ఒకటి తొక్కి, ఒకటి జేబులో వేసుకొని తర్వాత నీళ్లలో పిండుకున్నా. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర హైవే వదిలేసి పాలంపేట వైపు తిరగండి. ఇక చివరి పది కిలోమీటర్లు హాయి.

రామప్ప గుడి 1213 నాటిది, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021 జులైలో ప్రపంచ వారసత్వ కట్టడాల్లో చేరింది. దేవుడి పేరు కాకుండా శిల్పి పేరుతో పిలిచే గుడి. నీళ్లలో తేలే ఇటుకల గురించి గైడ్లు చెప్తారు, పునాది కింద ఇసుక నింపిన సంగతీ చెప్తారు, వినండి. కానీ మీరు అరవై డెబ్బై కిలోమీటర్లు తొక్కి, ఒళ్లంతా ఉప్పు తేలి పోతారు కాబట్టి ముందు గుడిలోకి పోకండి, చెరువుకు పోండి. ఆ చెరువూ ఆ కాలానిదే, ఇప్పటికీ పొలాలు పారిస్తోంది. కట్ట మీద చెట్ల కింద గంట పడుకొని, ముఖం కడుక్కొని, సాయంత్రం నాలుగు దాటాక గుడికి రండి. ఏటవాలు ఎండలో ఎర్ర రాతి గోడ రంగు తేలుతుంది, నల్లరాతి మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు, చూరు కింద నుంచి ముందుకు వంగుతాయి. మధ్యాహ్నం బస్సుల్లో వచ్చినవాళ్లు ఇది చూడరు. రాత్రికి ములుగులో లాడ్జీ చూసుకోండి. లక్నవరంలో పర్యాటక శాఖ కాటేజీలున్నాయి కానీ అది చల్వాయి నుంచి లోపలికి ఇంకో దారి, వారాంతంలో గదులు దొరకవు, ముందే పట్టుకోవాలి.

రెండో రోజు వచ్చిన దారిన రాకండి. మళ్లీ పాలంపేట మీదుగా ఘనపురం పోండి, గుడి నుంచి పది కిలోమీటర్లు కూడా ఉండదు. కోటగుళ్లు అంటారు, మట్టి కోట లోపల ఇరవై రెండు గుళ్లు, చాలావరకు పడిపోయినవి. ఏనుగు మీద స్వారీ చేసే సింహం లాంటి గజకేసరి బొమ్మలు పెద్దగుడి చూరుకు ఉన్నాయి. రామప్పకు వచ్చిన జనంలో పదోవంతు కూడా ఇక్కడికి రారు, నాకైతే ఇదే ఎక్కువ నచ్చుతుంది. అక్కడి నుంచి భూపాలపల్లి–పరకాల రోడ్డు ఎక్కి రేగొండ. పాండవుల గుట్టలు ఆ పక్కనే, గుహల గోడల మీద పాత మనుషుల రాతి చిత్రాలు. వాటికి వేరే రోజు పెట్టుకోండి, అలసిన కాళ్లతో గుట్టలెక్కలేరు. పరకాలలో అమరధామం దగ్గర ఆగండి. 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరేయబోయిన జనం మీద నిజాం పోలీసులు కాల్పులు జరిపిన ఊరు అది. పరకాల నుంచి గూడెప్పాడ్, ఇల్లు.

నెలలు. నవంబరు నుంచి ఫిబ్రవరి ఉత్తమం. కానీ నాకు ఇష్టమైనది దసరా ముందు పదిహేను రోజులు: చెరువులు నిండుగా, రోడ్డు పక్క తంగేడు, పొలం గట్ల మీద గునుగు, బుట్టల్లో సీతాఫలాలు, కరెంటు తీగల మీద పాలపిట్ట. తెల్లారి బతుకమ్మ పూల కోసం పోయే పిల్లలు మనతో పందెం వేస్తారు, ఓడిపోవడం మర్యాద. మార్చి నుంచి కల్లాల్లో మిర్చి ఎండుతుంది, ఆ గాలిలో దమ్ము పీలిస్తే తుమ్ములే, ముఖానికి గుడ్డ కట్టుకోండి. ఏప్రిల్, మే అయితే ఎనిమిదింటికి ఇంట్లో ఉండాలి. గాలి సంగతి కూడా చూసుకోండి. చలికాలం గాలి తూర్పు, ఈశాన్యం నుంచి, కాబట్టి ములుగు వైపు పోతే పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. వానాకాలం పడమటి గాలికి పాలకుర్తి, ములుకనూరు వైపులు మంచివి. అలసిపోయాక గాలి వీపున ఉండాలి. మేడారం జాతర ఏడాది మాత్రం మాఘానికి నెల ముందు నుంచే ములుగు రోడ్డు మరచిపోండి.

తిండికి ఇబ్బంది లేదు. పొద్దున ఇంట్లో చేసిన సర్వపిండి ముక్కలు రెండు కాగితంలో చుట్టుకుంటే ఏ ఎనర్జీ బారూ దానికి సాటిరాదు, బియ్యప్పిండి, పల్లీలు, ఉప్పు, కారం అన్నీ ఉన్నాయి అందులో. దారిలో మిర్చి బజ్జీ ఒకటి తినొచ్చు, నాలుగు తింటే తర్వాతి గుట్ట మీద గుర్తొస్తుంది. రెండు సీసాల నీళ్లు, ఒకదాంట్లో ఓఆర్ఎస్. తాటివనం దగ్గర కల్లు పోస్తామంటారు, వచ్చేటప్పుడు అని చెప్పి తప్పించుకోండి.

ఒక్కరే పోవచ్చా అంటే, కోట, ములుకనూరు, పాలకుర్తి ఒక్కరే పోండి, ఊరికి ఊరికి మధ్య అరగంట కూడా పట్టదు. పాకాల ఒకసారి ఎవరితోనైనా పోయి వచ్చాక ఒంటరిగా. రామప్పకు మొదటిసారి ఒక్కరే వద్దు. మల్లంపల్లి అవతల పడిపోతే చూసేవాళ్లు తక్కువ, ములుగు దాటి అడవిలోకి పోయేకొద్దీ ఫోన్ సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది, చీకటి పడ్డాక ఇసుక లారీల వెలుతురులో సైకిల్ కనపడదు. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలగనివ్వండి, హెల్మెట్ గురించి వేరే చెప్పను.

ముందు నెల రోజులు ములుకనూరు చుట్టు రెండుసార్లు, పాలకుర్తి ఒకసారి తొక్కండి. కార్తీకంలో కటాక్షపూర్ మత్తడి ఆగాక ఒక శనివారం తెల్లవారుజామున అయిదింటికి రామప్పకు బయలుదేరదాం, నేనూ వస్తా. ట్యూబులు మీవి మీరు తెచ్చుకోండి, అడాప్టర్ నా దగ్గర రెండున్నాయి.